మీకు తెలుసా? నీరసాన్ని పుట్టించేది మన రక్షణ వ్యవస్థే!

● జ్వరం వస్తే అన్నం సహించదు, ఒళ్ళంతా పీకుతుంది, ఎవరైనా పలకరించినా విసుగొస్తుంది. అదంతా వైరస్ పనే అనుకుంటాం. చాలావరకు చేసేది మన రోగనిరోధక కణాలే. ఇన్‌ఫ్లమేషన్ (శరీరం రక్షణ కోసం రేపే వాపు, మంట) మొదలవగానే అవి సైటోకైన్లు అనే ప్రోటీన్లను వదులుతాయి. ఆ కబురు అందిన మెదడు ఆకలి తగ్గించి, మత్తు తెచ్చి, మనిషిని మంచానికి చేరుస్తుంది. జబ్బుచేసిన పశువు మేత మాని ఓ మూల పడుకోవడం కూడా జ్వరానికి కావలసిన శక్తిని మిగుల్చుకోవడానికేనని అమెరికా పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ 1988లో వివరించారు. 2006లో చికున్‌గున్యా మన జిల్లాలను చుట్టేసినప్పుడు, జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్ళు పట్టేసి, సత్తువ లేక కూర్చుండిపోయినవాళ్ళు ఎందరో. వాళ్ళను బద్ధకస్తులనడం అన్యాయం.

● కొత్త మాత్రలు రాకముందు హెపటైటిస్-సికి ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక సైటోకైనే. ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చాలామందికి విపరీతమైన అలసట వచ్చేది. అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్ళు కూడా కొందరు డిప్రెషన్‌లో పడ్డారు.

● నిద్రకూ ఈ రక్షణ వ్యవస్థకూ లంకె ఉంది. పిట్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ బృందం 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసింది. 7 గంటలు కూడా నిద్రపోనివాళ్ళకు జలుబు వచ్చే అవకాశం, 8 గంటలు, ఆపైన నిద్రపోయేవాళ్ళకంటే దాదాపు మూడింతలని 2009లో తేలింది.

● ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ నిజానికి ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే హార్మోన్. అయినా తీరని ఒత్తిడితో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. అదెలా? ఒత్తిడి నెలల తరబడి సాగితే కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. 2012లో కోహెన్ బృందమే దీన్ని చూపించింది.

● అన్నిటికన్నా నన్ను కదిలించింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ చేసిన పని. మతిమరుపు జబ్బుతో ఉన్న అయినవాళ్ళకు సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ళ చేతిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. అదే వయసున్న మరో 13 మందితో పోల్చి చూస్తే, వాళ్ళ గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇది 1995 నాటి మాట. గాయం మానడానికి మొదట్లో కొంత ఇన్‌ఫ్లమేషన్ ఉండాలి; తీరని ఒత్తిడి దాన్ని అవసరమైన చోట తగ్గించి, అక్కర్లేని చోట రాజేస్తుంది. మంచంపట్టిన అత్తగారి పథ్యం గురించి అడిగే చుట్టాలు, రాత్రిళ్ళు మేలుకుంటున్న కోడలు ఎన్ని గంటలు పడుకుందో కూడా అడగాలి.

● అదే బృందం భార్యకో భర్తకో సేవ చేస్తున్నవాళ్ళను ఆరేళ్ళు గమనించి 2003లో ఫలితాలు ప్రకటించింది. ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తయిన ఐఎల్-6 వాళ్ళ రక్తంలో ఇతరులకన్నా సుమారు నాలుగింతల వేగంతో పెరిగింది. రోగి చనిపోయి కొన్నేళ్ళు గడిచాక కూడా ఆ వేగం తగ్గలేదు.