ఆవిరి ఇంజను నమూనాకు చారిత్రక రంగులు, లైనింగ్

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• నమూనా ఇంజను ఏ కాలానికి చెందాలో నిర్ణయించే పద్ధతిని వివరించగలుగుతారు.
• పాత ఫోటోలను సాక్ష్యంగా వాడేటప్పుడు ఎదురయ్యే పొరపాట్లను గుర్తించగలుగుతారు.
• రంగు వేయడం, గీతలు దిద్దడం, అక్షరాలు అతికించడం అనే దశలను సరైన వరుసలో చెప్పగలుగుతారు.

7.1 విషయ పరిచయం

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్తే కొద్ది నిమిషాల్లో మలక్‌పేట వస్తుంది. ఆ మెట్రో స్టేషనుకు దగ్గర్లోనే పాత రైల్వే స్టేషను ఉంది. ఇప్పుడు అక్కడ బ్రాడ్‌గేజి రైళ్లు నడుస్తున్నాయి. ఒకప్పుడు అది మీటరుగేజి మార్గం. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు ఆవిరి ఇంజన్లు ఇటుగానే వెళ్లేవి.

అటువంటి ఇంజను నమూనా ఒకటి, రంగు వేయని ఇత్తడి రూపంలో, మీ బల్లమీద ఉందనుకుందాం. దానికి ఏ రంగు వేయాలి? గీతలు ఎక్కడ రావాలి? టెండరు మీద ఏ అక్షరాలు ఉండాలి? ఒక రైల్వే సంస్థ తన ఇంజన్లకు నిర్దేశించిన రంగులు, గీతలు, అక్షరాలు, చిహ్నాల మొత్తాన్ని లివరీ అంటారు. రంగుల హద్దుల వెంట దిద్దే సన్నని గీతల పనిని లైనింగ్ అంటారు.

రంగు వేసిన నమూనాను చూసేవారు అసలు ఇంజను అలాగే ఉండేదని నమ్ముతారు. అసలు ఇంజను తుక్కుకింద పోయినచోట ఆ నమూనాయే దాని జ్ఞాపకంగా మిగులుతుంది. కాబట్టి మనం వేసే ప్రతి గీత చరిత్ర గురించి మనం చెప్పే మాట అవుతుంది. ఈ భాగంలో మొదట సాక్ష్యం గురించి, తరవాత పని గురించి తెలుసుకుందాం.

7.2 ఇంజను ఏ కాలానిది?

సికింద్రాబాద్–వాడి మార్గం 1874లో ప్రారంభమైంది. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1930లో నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకుంది. 1951లో ఆ రైల్వే మధ్య రైల్వేలో విలీనమైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ డివిజన్ అందులో చేరింది.

ఈ తేదీలు నమూనాకారుడికి చాలా ఉపయోగపడతాయి. 1955 నాటి ఇంజను అని చెప్పి టెండరు మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు వేస్తే అది స్పష్టమైన తప్పు, ఎందుకంటే ఆ సంస్థ అప్పటికి పుట్టలేదు. అయితే దీనికి తలకిందులు నియమం పనిచేయదు. సంస్థ మారిన రోజునే ఇంజన్లన్నిటికీ కొత్త రంగు వేయరు. వర్క్‌షాపుకు మరమ్మతుకు వెళ్లినప్పుడే రంగు మారుతుంది. కాబట్టి 1952లో పాత అక్షరాలతో తిరిగిన ఇంజను ఉండడంలో ఆశ్చర్యం లేదు. అంటే, ఒక లివరీ ఎప్పటికన్నా ముందు ఉండదో తేదీ చెబుతుంది. అది ఎప్పుడు పూర్తిగా పోయిందో చెప్పదు.

7.3 ఫోటో ఎంతవరకు సాక్ష్యం?

పాత ఇంజన్ల ఫోటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. వాటిని చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, ఫోటో ప్లేటు స్వభావం. తొలినాటి ప్లేట్లకు ఎరుపు రంగు కాంతి దాదాపుగా అందేది కాదు. అందువల్ల ఎరుపు భాగాలు ఫోటోలో నల్లగా పడేవి. నీలం అసలుకన్నా తెల్లగా కనిపించేది. నల్ల ఇంజను మీద ఎర్ర గీత ఉంటే ఆ గీత ఫోటోలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఫోటోలో గీత లేనంత మాత్రాన ఇంజను మీద గీత లేదని తేల్చకూడదు.

రెండవది, ఫోటో ఎక్కడ తీశారన్నది. మనదేశానికి వచ్చిన ఇంజన్లలో చాలావాటిని బ్రిటన్ కర్మాగారాలు తయారుచేశాయి. కొత్త ఇంజను వివరాలన్నీ స్పష్టంగా పడాలని, ఫోటో కోసం దానికి బూడిదరంగు వేసి గీతలు దిద్దడం అక్కడి ఆనవాయితీ. అది ఫోటోకోసం వేసిన ముస్తాబు. ఆ రంగుతో ఇంజను పట్టాల మీద ఎన్నడూ తిరిగి ఉండకపోవచ్చు. కర్మాగారం ఫోటో కన్నా స్టేషనులోనో, షెడ్డులోనో తీసిన ఫోటో నమ్మదగినది.

సాక్ష్యం దొరకనిచోట ఊహించి అలంకరించడం కన్నా సాదాగా వదలడం మంచిది. ఏది ఫోటో చూసి వేశారో, ఏది ఊహించారో ఒక కాగితం మీద రాసి నమూనా పెట్టెలో ఉంచండి.

7.4 మూలరంగు వేయడం

1. శుభ్రపరచడం: టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్, చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కలిపి మెత్తని బ్రష్‌తో కడిగి, మంచినీటితో జాలించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరవాత ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు.

2. ప్రైమరు: ఇత్తడికి లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమరు వాడాలి. ప్రైమరు పలుచగా ఉండాలి. మందంగా వేస్తే రివెట్లు పూడిపోతాయి.

3. మూలరంగు: ఒకే మందపు పూతకు బదులు పలుచని పూతలు మూడు నాలుగు వేయాలి. మన వేసవిలో మధ్యాహ్నంవేళ స్ప్రే చేస్తే రంగు నమూనాను చేరకముందే ఆరి, ఉపరితలం గరుకుగా తయారవుతుంది. వానాకాలపు తేమలో కొన్ని లాకర్లు తెల్లబారతాయి. రహదారి పక్క ఇళ్లలో దుమ్ము మరో సమస్య. ఉదయంపూట, నేలను తడిగుడ్డతో తుడిచిన తరవాత, స్ప్రే చేయడం మేలు. కిటికీలు తెరిచి ఉంచాలి, మాస్కు పెట్టుకోవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

మూలరంగు గట్టిపడిన తరవాత దాని మీద మెరుపు వార్నిష్ పూత వేయాలి. గరుకు ఉపరితలం మీద గీత అంచులు పాకుతాయి. నున్నని ఉపరితలం మీద అంచు తెగినట్టు నిలుస్తుంది.

7.5 గీత వెడల్పు లెక్క

అసలు ఇంజను మీద అర అంగుళం, అంటే 12.7 మి.మీ. గీత ఉందనుకుందాం. దానిని నమూనా నిష్పత్తితో భాగించాలి.

• 1:32 నమూనాలో: 12.7 ÷ 32 = సుమారు 0.40 మి.మీ.
• 1:76 నమూనాలో: 12.7 ÷ 76 = సుమారు 0.17 మి.మీ.
• 1:87 నమూనాలో: 12.7 ÷ 87 = సుమారు 0.15 మి.మీ.

1:87 నమూనా మీద చేయి కొంచెం బరువై 0.3 మి.మీ. గీత పడితే, అది అసలు ఇంజను మీద 26 మి.మీ. గీతతో సమానం. అర అంగుళం గీత అంగుళమైపోతుంది! లైనింగ్ ముతకగా కనిపించడానికి సాధారణ కారణం ఇదే. ఇంత సన్నని గీత చేతితో రాకపోతే ముద్రించిన డెకాల్ గీతలు వాడటం తప్పుకాదు.

7.6 గీతలు దిద్దడం

ఇంజనీరింగ్ డ్రాయింగ్ పెట్టెల్లో వెనకటికి వచ్చే రూలింగ్ పెన్ ఈ పనికి సరైన సాధనం. దానికి రెండు రేకులుంటాయి. మర తిప్పి వాటి మధ్య సందును సవరించవచ్చు. రంగును పెన్నులో ముంచకూడదు. బ్రష్‌తో రేకుల మధ్య కొద్దిగా నింపి, బయట అంటినదాన్ని తుడిచేయాలి. రంగు పాలమీగడ కన్నా పలుచగా, పాల కన్నా చిక్కగా ఉంటే సరిగా దిగుతుంది. ముందు గాజుపలక మీద గీసి చూడండి.

మూలల వంపులను ముందు గీసి, తరవాత తిన్నని గీతలను వాటికి కలపాలి. వంపును గీతకు కలపడం కష్టం. గీతను వంపుకు కలపడం తేలిక. ఇంకులో డ్రాయింగ్ వేసేవారు పాటించే నియమమే ఇది. స్కేలు అంచు నమూనాను తాకకుండా కొద్దిగా ఎత్తులో ఉండాలి, లేకపోతే రంగు స్కేలు కిందికి పాకుతుంది.

మూలరంగు, వార్నిష్ అక్రిలిక్‌వి అయితే గీతలకు ఎనామెల్ వాడండి. గీత తప్పితే, అది ఆరకముందే టర్పెంటైన్‌లో కాస్త తడిపిన బ్రష్‌తో తుడిచేయవచ్చు. బాగా గట్టిపడిన కింది పూత చెక్కుచెదరదు. ముందుగా పనికిరాని ముక్క మీద పరీక్షించడం మరవకండి.

7.7 అక్షరాలు, చివరి పూత

అక్షరాలు, అంకెలు డెకాల్ రూపంలో ఉంటే వాటిని కూడా మెరుపు పూత మీదే అతికించాలి. గరుకు ఉపరితలం మీద గాలి చిక్కుకొని డెకాల్ చుట్టూ వెండిపొరలా కనిపిస్తుంది. అన్నీ ఆరిన తరవాత సగం మెరుపు వార్నిష్ పలుచగా వేస్తే గీతలు, అక్షరాలు, మూలరంగు ఒకే ఉపరితలంగా కలిసిపోతాయి.

7.8 సారాంశం

లివరీకి మొదటి మెట్టు తేదీ, రెండవది సాక్ష్యం, మూడవది రంగు. ఫోటోలో కనిపించనిది లేనట్టు కాదు. కర్మాగారం ఫోటోలో కనిపించిందల్లా పట్టాల మీద ఉన్నట్టూ కాదు. శుభ్రత, ప్రైమరు, మూలరంగు, మెరుపు పూత, లైనింగ్, అక్షరాలు, చివరి పూత అనే వరుస తప్పకూడదు. గీత వెడల్పును కంటితో కాక లెక్కతో నిర్ణయించాలి.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1960 నాటి నమూనా మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు ఎందుకు ఉండకూడదు?
2. నల్ల ఇంజను ఫోటోలో ఎర్ర గీత కనిపించకపోవడానికి కారణం ఏమిటి?
3. అసలు ఇంజను మీద 25.4 మి.మీ. వెడల్పున్న గీత 1:32 నమూనా మీద ఎంత ఉండాలి?
4. లైనింగ్‌కు ముందు మెరుపు పూత ఎందుకు వేయాలి?