ముసలితనానికి కొడుకే దిక్కా? - ఉద్దానం వాడల నుంచి కొన్ని ప్రశ్నలు

వృద్ధాప్యం గురించి మన దేశంలో చలామణి అవుతున్న ఊహలన్నీ ఆస్తి ఉన్నవాడి ఇంటి అరుగు మీద పుట్టినవే. వానప్రస్థం సంగతే తీసుకోండి. కొడుకులకి ఇల్లూ పొలమూ అప్పజెప్పి, బాధ్యతలు దించుకుని పక్కకి తప్పుకోవడం. ధర్మశాస్త్రాలు ఆ అవకాశాన్ని ద్విజులకే ఇచ్చాయి. సేవ చేయడమే ధర్మమని ఎవరికి చెప్పారో వాళ్లకి తప్పుకునే వయసు రాయలేదు. అప్పజెప్పడానికి ఏమీ లేనివాడు ఏం అప్పజెప్పి తప్పుకుంటాడు? తర్వాత వచ్చిన ప్రభుత్వోద్యోగపు రిటైర్మెంటు కూడా ఈ పాత ఊహకి కొత్త చొక్కా తొడిగినట్టే ఉంది. బుగత ఇంట కంబారిగా చేరినవాడికి, కొబ్బరి తోటల్లో కాయ దింపి పీచు వొలిచే కూలికి రిటైర్మెంటు తేదీ ఏది? వాడు ముసలివాడు కావడం ఏ కాగితంలోనూ ఉండదు. ఒకరోజు మేస్త్రీ వచ్చి అందర్నీ పిలిచి వాణ్ణి పిలవడు. ఆ రోజునుంచి వాడు ముసలాడు.

కాబట్టి ముసలివాళ్లని ఎవరు చూడాలి, ఎలా చూడాలి, చివరి రోజులకి ముందే ఏం చూసుకోవాలి అన్న ప్రశ్నల్ని వాడలో నిలబడి మళ్లీ వేసుకోవాల్సి ఉంది. నేను వేసుకుంటున్న చోటు పూండి చుట్టుపక్కల ఊళ్లు. హౌరా - చెన్నై రైలుమార్గంలో నౌపడాకీ పలాసకీ మధ్యనున్న చిన్న స్టేషన్ పూండి. వజ్రపుకొత్తూరు మండలం. ఒక పక్క జీడి, కొబ్బరి తోటలు, వాటికి అవతల సముద్రం. వయసులో ఉన్నవాళ్లని విశాఖకీ, హైదరాబాదుకీ, చెన్నైకీ భవన నిర్మాణ పనులకి మోసుకుపోయేది ఈ రైలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే కొట్టింది. కొబ్బరి మొక్క పెట్టాక కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. పరిహారం చెట్ల లెక్కన, తోటల లెక్కన వచ్చింది. చెట్టు తన పేరున లేనివాడికి పోయింది కూలి, కూలికి పరిహారం లేదు. ఆ తర్వాత వలస ఇంకా పెరిగింది. వాడలో ఉండిపోయినవాళ్లు ముసలివాళ్లు, చంటిపిల్లలు, జబ్బు మనుషులు.

ఆ జబ్బు సంగతి చెప్పకుండా ఉద్దానంలో ముసలితనం గురించి మాట్లాడలేం. మూత్రపిండాల జబ్బు ఇక్కడ కొన్ని దశాబ్దాలుగా మనుషుల్ని తింటోంది. షుగరు లేనివాడికి, బీపీ లేనివాడికి కూడా వస్తోంది. విశాఖ కేజీహెచ్‌లో పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు మొదలు ఎందరో పరిశోధించారు. నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, నొప్పిమాత్రలన్నారు. ఒకే కారణమని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం కూడా వచ్చింది.

ఈ జబ్బు ఎక్కువగా కూలి చేసే మగవాళ్లకి, నడివయసులో వస్తుంది. ఇంటికి ఆసరా కావాల్సిన వయసులో కొడుకు మంచానపడతాడు. అరవై అయిదేళ్ల తల్లి వాణ్ణి వారానికి రెండు మూడు సార్లు ఆటో ఎక్కించి డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. నాలుగు గంటలు మిషను దగ్గర వాడు, వరండాలో ఆమె. వృద్ధుల సంరక్షణ గురించి రాసే పుస్తకాలన్నీ కొడుకు తల్లిని చూడాలి అనే చోట మొదలవుతాయి. ఇక్కడ ఆ లెక్క తలకిందులైంది. ఈ ముసలామె సంరక్షణ పొందాల్సిన మనిషా, చేస్తున్న మనిషా? ఏ పథకం ఫారంలోనూ ఈ ప్రశ్నకి గడి లేదు.

ప్రభుత్వం దగ్గర ఏముందో చూద్దాం. రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని కోర్టుకి పోలేం. అంబేద్కర్ 1947లో రాసిన ‘రాష్ట్రాలు - మైనారిటీలు’లో దీనికంటే గట్టి ప్రతిపాదన ఉంది. బీమా రంగం మొత్తం ప్రభుత్వం చేతిలో ఉండాలి, ప్రతి వయోజనుడికీ వాడి సంపాదనకి తగ్గ జీవితబీమా తప్పనిసరి చేయాలి అన్నాడాయన. రేపటి భద్రత దానం కాకూడదు, రాజ్యాంగంలోనే ఉండాలనే ఆలోచన అది. మనకి దక్కింది 41వ అధికరణం. జాతీయ సామాజిక సహాయ పథకం 1995 ఆగస్టు 15న గానీ మొదలవలేదు. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వాళ్లకి కేంద్రం తన వాటాగా నెలకి ఇచ్చేది 2007 నుంచీ 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఎనభై దాటితే 500.

మిగతాదంతా రాష్ట్రం వేసేదే. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2014లో 200 నుంచి 1,000 అయింది. 2019లో అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గింది. 2024 జులై 1 నుంచి పింఛను 4,000. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి 2019 నుంచి 10,000. ఇది తక్కువ డబ్బేమీ కాదు, ఇది వచ్చాక వాడలో ముసలమ్మ మాటకి విలువ పెరిగింది, నిజం. కానీ ఇంటికి ఒకటే పింఛను అనే నిబంధన ఉంది. ముసలాయన తీసుకుంటే ముసలమ్మకి రాదు. రోజుకి నూట ముప్పై చిల్లర, ఇద్దరు మనుషులకి. డయాలసిస్ వంటి పెద్ద జబ్బుల పింఛనుకి ఈ అడ్డు లేదు, కాబట్టి కొడుకు డయాలసిస్ మీద ఉన్నా తల్లి పింఛను ఆపకూడదు. ఆపితే సచివాలయంలో అర్జీ పెట్టి రశీదు తీసుకోవాలి. పింఛనుదారుడైన భర్త చనిపోతే భార్యకి దాన్ని మార్చే పద్ధతి 2024 చివర్లో వచ్చింది. మరణ ధ్రువపత్రం వెంటనే తీసుకోవాల్సింది అందుకే.

ఇక వయసు. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటి మనిషిని నేనే. సెలవులకి ఊరెళ్తే పరిశోధన పక్కన పడేసి వాడకట్టు మొత్తానికి ఫారాలు నింపడమే నా పని. అప్పుడు చూశాను, వాడలో సగంమంది జనవరి ఒకటో తేదీన పుట్టారు! బడి మొహం చూడనివాళ్లని ఆధార్ తీసేటప్పుడు ఎదుట కూచున్న కుర్రాడు మొహం చూసి ఓ సంవత్సరం వేశాడు. ఎండకి మాడి అరవైలా కనబడేవాళ్లకి యాభై రెండు పడింది, ఎందుకంటే జుట్టు నల్లగా ఉంది. మా నాయనమ్మకి అలా ఎనిమిదేళ్లు తగ్గాయి. ఒక ఆఫీసులో ఆమెని, నీకు ఇంకా వయసు రాలేదు పో అన్నారు. పుట్టినతేదీని ఆధార్‌లో మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే. అందుకని ఆధారం లేకుండా తొందరపడి మార్పించకూడదు. పాత ఓటరు గుర్తింపు కార్డు, పెద్దకొడుకు బడి రికార్డు, ఇంట్లో ఉన్న ఏ పాత కాగితమైనా ముందు పోగుచేసుకోవాలి. ఇది యాభై అయిదో ఏట చేయాల్సిన పని, అరవైలో కాదు.

పలాస - కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. పిక్కలు కొట్టీ, పప్పు వొలిచీ జీడినూనెకి చేతులు నల్లబడి తోలు ఊడిపోతుంది. పదిమంది దాటిన ఫ్యాక్టరీకి ఈఎస్ఐ, ఇరవైమంది దాటితే ప్రావిడెంట్ ఫండు వర్తిస్తాయి. అయిదేళ్లు చేస్తే గ్రాట్యుటీ. అయితే కిలో లెక్కన పనిచేసే మనిషి పేరు రిజిస్టరులో ఉందా? అసలు కీలకం అక్కడే ఉంది. పేరు లేకపోతే ఇరవై ఏళ్ల చాకిరీ కూడా చట్టం కంటికి ఆనదు. వృద్ధాప్య భద్రత కోసం మొదటి పోరాటం పింఛను ఆఫీసు దగ్గర కాదు, ముప్పయ్యో ఏట ఫ్యాక్టరీ రిజిస్టరు దగ్గర జరగాలని నేను అనుకుంటున్నాను. కార్మిక సంఘాలు దీన్ని జీతం తగాదాగానే చూశాయి.

కొడుకులు చూడకపోతే ఏం చేయాలి? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ - సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై దాటిన వ్యక్తి గానీ, తల్లి గానీ తండ్రి గానీ (తల్లిదండ్రులకి వయసు పరిమితి లేదు) ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు బాధ్యులు. నెలకి గరిష్ఠంగా 10,000 దాకా ఇప్పించవచ్చు. వకీళ్లు అక్కర్లేదు, వాళ్లకి ప్రవేశం లేకుండా 17వ సెక్షను రాశారు. పలాస 2022లో రెవెన్యూ డివిజన్ అయింది గనక మా మండలం వాళ్లకి ఇప్పుడు టెక్కలి దాకా పోయే బాధ తప్పింది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఆ రాతని 23వ సెక్షను కింద రద్దు చేయించవచ్చు.

చదవడానికి బాగుంది. పత్రికల్లో వచ్చే ఈ చట్టం వార్తలన్నీ 23వ సెక్షనువే, ఇల్లు రాసిచ్చి మోసపోయిన తల్లిదండ్రులవి. వాడలో రాసిచ్చే ఇల్లెక్కడిది? హైదరాబాదులో మట్టి మోసే కొడుకుమీద, డయాలసిస్ మీదున్న కొడుకుమీద ఏ తల్లి కేసు పెడుతుంది? పెట్టినా వాడి దగ్గర ఏముంది? పేదరికాన్ని కొడుకు నేరంగా చూపించి ప్రభుత్వం తప్పుకునే వీలు ఈ చట్టంలో ఉంది. అందరూ కొడుకుని తిట్టుకుంటారు, 41వ అధికరణం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇదే చట్టం 19వ సెక్షను జిల్లాకి కనీసం ఒకటైనా, 150 మందికి సరిపడా, నిరుపేద వృద్ధుల కోసం ఆశ్రమాలు పెట్టొచ్చునంటుంది. ‘పెట్టవచ్చు’ అంది, ‘పెట్టాలి’ అనలేదు. ఉద్యమంలో ఉన్నవాళ్లు పట్టుకోవాల్సిన మాట అది.

ఇంకో సంగతి. 2007 చట్టంలో పిల్లలు అన్న నిర్వచనంలో కోడలు లేదు. పక్క ఎత్తేది, ఒళ్లు తుడిచేది, రాత్రి లేచి నీళ్లిచ్చేది ఎవరు? పొద్దున జీడి ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం వచ్చే కోడలు. లేదంటే కాపురం వదిలి వచ్చిన కూతురు. ఇదే పని ఈ ఆడవాళ్లే విశాఖలో పెద్దకులాల ఇళ్లల్లో ఆయాలుగా చేస్తే జీతం వస్తుంది. ఇంట్లో చేస్తే దానికి పేరు కూడా లేదు. దళిత పురుషులం మనం శ్రమ గురించి ఎంతో రాశాం, మన తల్లికి మన భార్య చేస్తున్న చాకిరీని ఆ లెక్కలో వేయలేదు. కొరివి పెట్టే హక్కు మాత్రం కొడుకుదే.

చివరి రోజుల సంగతికి వద్దాం. నొప్పితో పోవడం రాతని మనకి నేర్పారు. అది రాత కాదు, మార్ఫిన్ అందకపోవడం. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్ తెచ్చి ఇచ్చే పద్ధతిని సులువు చేశారు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన వైద్యం ఊరి వాలంటీర్ల చేతుల్లోకి వెళ్లి, 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. నర్సు ఇంటికే వస్తుంది, పుండు కడుగుతుంది, ఇంట్లోవాళ్లకి నేర్పుతుంది. ఉద్దానానికి డయాలసిస్ మిషన్లు అడిగి తెచ్చుకున్నాం. ఇంటికొచ్చే నర్సుని ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు.

వైద్యం వద్దనే హక్కు గురించి కూడా తెలిసి ఉండాలి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో, కోలుకునే ఆశ లేని స్థితి వస్తే ఏ చికిత్స కొనసాగించాలో ఏది ఆపాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు ఉండాలి, మేజిస్ట్రేటు అవసరం లేదు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. మన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో రాయాలి. వైద్యమే అందనివాళ్లకి వైద్యం వద్దనే హక్కా అని నవ్వొచ్చు. కానీ మంచానపడి, ఊపిరి మిషను మీద అప్పులు పెరుగుతుంటే ఆపమని ఎవరు చెప్పాలో తెలియక అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్లు వాడలోనూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. ఆటో కిరాయి లేక డయాలసిస్ మానేసినవాడు తన హక్కు వాడుకున్నాడని అనకూడదు. అన్నీ అందుబాటులో ఉండి వద్దన్నప్పుడే అది నిర్ణయం. లేనప్పుడు అది ప్రభుత్వం చేసిన పని.

కాగితాల్లో డి-పట్టా ఒకటి. 1977 అసైన్డ్ భూముల చట్టం అన్యాక్రాంతాన్ని నిషేధించింది గానీ వారసత్వాన్ని కాదు. పట్టాదారు బతికుండగానే కాగితం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకి తెలియాలి. బ్యాంకు ఖాతాకి నామినీ పేరు రాయించాలి. ఈ రెండూ చేయకపోతే దినం కాకముందే షావుకారు వస్తాడు.

ఆఖరిది చోటు. ఊరందరి చావులకీ డప్పు కొట్టింది, కబురు మోసింది, గొయ్యి తీసింది మన పెద్దలే. వాళ్లని పెట్టడానికి మాత్రం చాలా ఊళ్లల్లో గెడ్డ ఒడ్డో, ఎవరి తోట పక్కనో మిగిలిన బందో. వాన పడితే శవంతో నీళ్లలో దిగి నడవాలి. అట్రాసిటీ చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. శ్మశానాన్ని మిగతావాళ్లతో సమానంగా వాడుకోకుండా దళితుల్ని అడ్డుకోవడం దాని ప్రకారం నేరం. కేసు పెట్టాలంటే ముందు అది శ్మశానమని రికార్డులో ఉండాలి. చావు జరిగిన రోజున ఈ గొడవ పెట్టుకోలేం, శవం ఇంట్లో ఉంటే ఎవరైనా దేనికైనా ఒప్పుకుంటారు. చావు లేని మామూలు రోజున గ్రామసభలో లేచి, సర్వే నంబరు చెప్పి, హద్దులు కొలిపించి, అక్కడికి పోయే దారి కూడా తీర్మానంలో రాయించాలి. దారి రాయించడం చాలామంది మరిచిపోతున్నారు.