డీజే మోతకు జడిసే పిల్లవాడు... బొగ్గు గని ఊరి పాటకు కుదుటపడ్డాడు

ఇల్లెందు, (విలేఖరి) : నిరుడు వేసవిలో ఈ మండలంలోని ఒక పల్లెలో పెళ్ళి ఊరేగింపు సాగుతుండగా తొమ్మిదేళ్ళ పిల్లవాడు కనిపించకుండా పోయాడు. పెళ్ళికూతురు వాడికి స్వయానా మేనత్త. వ్యాను మీద పేర్చిన డీజే పెట్టెలు ఆపించి, అందరూ టార్చి లైట్లు పట్టుకుని వెతికితే గంట దాటాక ఒక పశువుల కొట్టంలో కుడితి తొట్టి వెనుక దొరికాడు. చెవులు రెండు చేతులతో మూసుకుని, ఒళ్ళంతా చెమటతో ఉన్నాడు. ఆ కొట్టం మెయిన్ రోడ్డుకు అవతల ఉంది. ఆ సమయానికి లారీ ఏదీ రాకపోవడం అదృష్టం.

"డబ్బాలు మోగితే చాలు, పోరడు గోడకు తల కొట్టుకుంటడు బిడ్డా. ఊరోళ్ళు దయ్యం పట్టిందన్నరు. నేను గూడ తాయెత్తు కట్టించిన" అని వాడి నాయనమ్మ ఈ విలేఖరితో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

అది దయ్యమూ కాదు, మొండితనమూ కాదు. ఖమ్మంలో డాక్టరు చూసి ఆటిజం అన్నారు. మన అందరి చెవుల్లోనూ ఫ్యాను చప్పుడు, కుక్క మొరుగు, పక్కింటి మిక్సీ ఒకేసారి పడుతూనే ఉంటాయి. కావలసింది ఉంచుకుని తక్కినది మెదడు జల్లెడ పట్టినట్టు వదిలేస్తుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఆ జల్లెడ సరిగా పనిచేయదు. అన్నీ ఒకే జోరున మీద పడతాయి. హఠాత్తుగా వచ్చే చప్పుడైతే మరీ బాధ. ఆటిజం గుర్తించడానికి డాక్టర్లు చూసే లక్షణాల్లో దీనినీ 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం చేర్చింది. ఒంటి చెంప తలనొప్పి వచ్చేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ పూట గిన్నె చప్పుడు కూడా మేకు దిగినట్టుంటుంది.

అలాగని వాడికి పాటే గిట్టదనుకుంటే పొరపాటు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన వాడి బాబాయి అరుగు మీద పడుకుని ఫోనులో తక్కువ సౌండుతో ఒక ఇంగ్లీషు పాట పెట్టుకున్నాడు. పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. చెవుల మీది చేతులు మెల్లగా దిగాయి. పాట అయిపోగానే వచ్చి ఫోను మీద వేలు పెట్టి "మళ్ళా" అన్నాడు. ఆ రోజు పదకొండు సార్లు పెట్టించాడట.

ఆ పాట పేరు 'లీన్ ఆన్ మీ'. కష్టం వచ్చినప్పుడు నా మీద ఆనుకో అని అర్థం. 1972లో వచ్చింది. అమెరికా నల్లజాతివారి చర్చి పాటలోంచి పుట్టిన 'సోల్' అనే బాణీలోది. రాసి, పాడినది బిల్ విథర్స్. ఆయన 1938లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గని ఊళ్ళో పుట్టారు. బొగ్గు ఊరంటే ఎలా ఉంటుందో ఇల్లెందు వారికి ఇంకొకరు చెప్పాలా! చిన్నప్పుడు నత్తి. పదమూడో ఏట తండ్రి పోయారు. తొమ్మిదేళ్ళు నౌకాదళంలో పనిచేసి, తరువాత విమానాల కంపెనీలో మరుగుదొడ్లు బిగించే పని చేశారు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొత్తగా కొన్న చిన్న పియానో మీద వేళ్ళు పైకీ కిందకీ నడుపుతుంటే ఈ వరస తగిలిందని, ఒకరికొకరు సాయపడే తన ఊరి జనాన్ని తలుచుకుని మాటలు కట్టానని ఆయనే చెప్పుకున్నారు. 2020లో కన్నుమూశారు.

ఆ పాటను ఊళ్ళో భజనకు హార్మోనియం వాయించే పెద్దాయనకు వినిపించాం. "ఏముందయ్యా, సరిగమ ఎక్కుతున్నడు, మగరిస దిగుతున్నడు" అని నవ్వి, మెట్ల మీద వాయించి చూపారు. పిల్లవాడికి నచ్చిన కిటుకు అక్కడే ఉందని మాకు తోచింది. గొంతు ఎక్కువగా ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకే పోతుంది, ఎగిరి దూకడం తక్కువ. నడక నిమిషానికి 75 దెబ్బల చొప్పున, తీరికగా కూర్చున్న మనిషి గుండెలా సాగుతుంది. ముందు ఏం వస్తుందో చెవికి తెలిసిపోతుంది. మన జోలపాటలో ఉన్నదీ ఇదే గుణం.

అయితే నడుమ ఒకచోట చప్పట్లు వస్తాయి. మొదటి రోజు అక్కడ వాడు ఉలిక్కిపడ్డాడు. నాలుగో రోజుకు చప్పట్లు రాబోయే ముందే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఎదురుచూడసాగాడు. అవి వచ్చాక నవ్వాడు. మోత కన్నా తెలియక మీద పడడమే వాడిని ఎక్కువ భయపెడుతున్నట్టుంది.

ఇది మందు కాదు. సోల్ పాటలన్నీ ఇలా మెత్తగానూ ఉండవు, గొంతు చించుకుని పాడేవీ బోలెడు. ఒక పిల్లవాడికి పడినది ఇంకొకరికి పడకపోవచ్చు. కొందరికి ఏ పాటా వద్దు, నిశ్శబ్దమే కావాలి. సౌండు పెంచితే ఈ పాటా మోతే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు మోగించరాదని, ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు నిబంధనలు ఉన్నాయి. పల్లెల్లో వీటిని అడిగే నాథుడు లేడు. అడిగినవాడు పెళ్ళి చెడగొట్టినవాడవుతాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో మరో పెళ్ళి. పెళ్ళికొడుకు పాట వినిపించిన ఆ బాబాయే. తన పెళ్ళిలో పిల్లవాడు పక్కన ఉండాలని, డీజే వద్దని ఆయన పట్టు. డీజే లేకపోతే ఊరేగింపేమిటని మిత్రబృందం పట్టు. పెట్టెలు బడి దగ్గరే ఆపి, అక్కడి నుంచి సన్నాయితో రావాలని నాయనమ్మ మధ్యేమార్గం చెప్పింది. సన్నాయి అలవాటు కావాలని సాయంత్రాలు మనవడిని మేళగాళ్ళ వాడకట్టు దాకా తీసుకువెళ్ళి, దూరాన చెట్టు కింద కూర్చోబెడుతున్నది. పెట్టెలవాడికి అడ్వాన్సు ముందే ముట్టింది. దాన్ని తిరిగి ఇస్తాడా, బడి దాకానే మోగించడానికి ఒప్పుకుంటాడా అన్న పంచాయితీ ఆదివారం ఉంది.