ఆలోచన బాగుంది... మరి నీళ్లు మోసే అమ్మకు?

మీ అమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోందా? అయితే ‘సింథటిక్ బయాలజీ’ అన్న మాట మీ ఇంట్లో వినబడే ఉంటుంది. జన్యువులను మనకు కావలసిన పని చేసేలా కూర్చుకోవడమన్న మాట. ఇందులో విద్యార్థి జట్లకు ‘ఐజెమ్’ అనే అంతర్జాతీయ పోటీ ఉంది. 2004లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐదు జట్లతో మొదలైంది. ఓ ఆలోచన ఎంచుకుని, నెలల్లోనే ప్రయోగశాలలో చేసి చూపాలి. చిక్కంతా ఆ ఎంపికలోనే!

నల్గొండ, మహబూబ్‌నగర్ అమ్మాయిలు నలుగురు కూర్చుంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. గారపళ్లు, వంగిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లాయె. ‘ఫ్లోరైడును తినేసే బాక్టీరియాను తయారుచేసి బావిలో వదిలేద్దాం’ అంటుంది ఒకమ్మాయి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఫ్లోరిన్ మూలకం. చెత్తలా కుళ్లి మాయమైపోదు. సూక్ష్మజీవి పీల్చుకున్నా, అది చచ్చాక మళ్లీ నీళ్లలోకే రావచ్చు. పైగా జన్యువులు మార్చిన జీవిని అనుమతి లేకుండా బయట వదలకూడదని 1989 నుంచీ మన దేశంలో నిబంధనలున్నాయి. కాబట్టి ఈ ఆలోచనను పక్కన పెట్టాల్సిందే.

‘నీళ్లలో ఎంతుందో చెప్పే పరీక్ష చేద్దాం’ అని ఇంకో అమ్మాయి. ఇది చప్పగా అనిపిస్తుంది గానీ, నా ఓటు దీనికే. ఎందుకంటారా? నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’ తెలుసుగా? నీళ్లలో పటిక, సున్నం కలిపి, తేరాక పైనీళ్లు వంచుకోవడం. బిందెకు ఎంత పటిక వేయాలన్నది అందులోని ఫ్లోరైడును బట్టి కూడా మారుతుంది. ఎంతుందో తెలియకపోతే చెయ్యి తిరిగిన ఇల్లాలు కూడా ఏం చేస్తుంది?

‘అది ఎవరో చేసేశారట’ అని నీరసపడొద్దు. ఫ్లోరైడు తగిలితే స్పందించే ఆర్‌ఎన్‌ఏ మీటను 2012లో యేల్ విశ్వవిద్యాలయం వారు వెల్లడించారు. దాంతో 2020లో నార్త్‌వెస్టర్న్ వారు చిన్న గొట్టం తయారుచేశారు. అందులో బతికున్న సూక్ష్మజీవి లేదు, ఎండబెట్టిన కణరసమే. నీటిచుక్క వేస్తే పసుపు రంగు వస్తుంది. కోస్టారికాలో పరీక్షించారు కూడా. అయితే అది పట్టుకునేది లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితేనే. మన ప్రమాణం 1, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5. ఈ మధ్య ఖాళీ ఉందే, జట్టుకు అసలు పని అక్కడుంది!

కాగితం మీద పెట్టేముందు ఒక్కసారి ఊళ్లోకి వెళ్లి బిందె దించుకుంటున్న అమ్మను అడగమనండి. భగీరథ నీళ్లు రాని రోజు ఏ బోరింగుకు వెళ్తావమ్మా? గొట్టానికి ఎంతయితే కొంటావు? దీపం వెలుతురులో ఈ పసుపు కనబడుతోందా? మే నెల ఎండలో రేకుల ఇంట్లో పెడితే పాడవకుండా ఉంటుందా?