మనవల చేతికి పానా ఇద్దాం

మా పెరటి వసారాలో ఒక పాత మోపెడ్ రెండేళ్లుగా కదలక పడి ఉండేది. ఒకప్పుడు దానిపైనే నేను మదర్సాకు వెళ్లివచ్చేవాణ్ని. గత వేసవి సెలవులకు వచ్చిన పన్నెండేళ్ల మనవడు, “దాదా, దీన్ని మనమే బాగుచేద్దామా?” అని అడిగాడు. పదేళ్ల మనవరాలు కూడా తోడయింది. నా చదువు కితాబులది. మరమ్మతు మాత్రం బండి వాడుకలో అబ్బింది. అయినా సరేనన్నాను. ప్రతిదినం అసర్ నమాజు తరువాత ఒక గంట మా పాఠం.

నేర్పడానికి ఇటువంటి చిన్న బండి ఎంతో అనువైనది. రెండు స్ట్రోకుల ఇంజనులో వాల్వులు, కామ్ షాఫ్ట్ ఉండవు. భాగాలు తక్కువ గనుక ఏది ఎందుకున్నదో పిల్లలకు చూపవచ్చు. ఇంజను నడవాలంటే పెట్రోలు, గాలి, రవ్వ, తగిన ఒత్తిడి కావాలి. వీటిలో ఏది లోపించిందో ఒక్కొక్కటిగా పరీక్షించాలన్నదే మొదటి పాఠం.

ప్లగ్గు మసిబారి ఉంది. తుడిచి, పెట్రోలుకు దూరంగా పరీక్షించగా రవ్వ వచ్చింది. కార్బురేటర్ విప్పితే జెట్టు రంధ్రం జిగురుతో మూసుకుపోయి కనిపించింది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు పాలు తప్పుతుంది. అందుచేత క్లీనరుతో కడిగి, పంపుతో గాలి కొట్టాం. విప్పిన ప్రతి భాగాన్నీ మనవరాలు కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టి, గుంతలకు అంకెలు వేసి, పేర్లు నోటుపుస్తకంలో రాసుకుంది.

మూడవ రోజున మనవడు తొందరలో ప్లగ్గును వంకరగా బిగించి, సిలిండర్ హెడ్‌లోని మరచుట్లు చెడగొట్టాడు. నేను గట్టిగా కసిరాను. బజారులోని మెకానిక్కు చేత వాటిని బాగుచేయించాం.

అన్నీ తిరిగి బిగించిన నాడు, స్టార్ట్ చేయబోతూ వంగి చూస్తే కార్బురేటర్ అడుగున పెట్రోలు చుక్కలు కారుతున్నాయి. వెంటనే ట్యాంకు కుళాయి కట్టేశాను. మనవరాలు పుస్తకం చూసి, “ఏడో గుంతలో బోల్టుతో పాటు వాషర్ కూడా ఉండేది దాదా” అన్నది. మనవడు తలవంచుకొని జేబులోనుండి విరిగిన వాషర్ తీశాడు. “మొన్న మీరు కోప్పడ్డారు గదా, అందుకే చెప్పలేదు” అన్నాడు.

కారుతున్న పెట్రోలుకు ఒక్క నిప్పురవ్వ చాలు. ఆనాడు ఏదైనా జరిగి ఉంటే దానికి మూలం వాడి చేతి పొరపాటు కాదు, నా నోటి దురుసుతనం. పిల్లవాడు తప్పు చదివితే నా చెవికి వెంటనే వినబడుతుంది, సరిదిద్దుతాను. బండిలో దాచిన తప్పు వినబడదు. వాడికి క్షమాపణ చెప్పుకొన్నాను. నాటి నుండి మా ఇంట ఒకటే నియమం: విరిగినది ఏదైనా ముందు అట్టలోకి రావాలి, దానికి కోపం ఉండదు.

పది రూపాయలు కూడా చేయని కొత్త వాషర్ వేశాక, నాలుగవ కిక్కుకు బండి పలికింది.

ఈ పని తలపెట్టే తాతలకు కొన్ని మాటలు. ఇంజను చల్లారాకే ముట్టనివ్వండి. పెట్రోలు పని ఆరుబయట, పొయ్యికి, దీపానికి దూరంగా జరగాలి. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. దుపట్టా, వదులు చేతులు చైనుకు తగలకుండా కట్టించండి. మరమ్మతు వచ్చినంత మాత్రాన బండి చేతికివ్వకండి. చట్టం ప్రకారం 50 సి.సి. మించని బండికి 16 ఏళ్లు, తక్కినవాటికి 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ తరువాత మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు కలవు.

పిల్లలు పట్నానికి తిరిగి వెళ్లారు. ఇప్పుడు బండి మొరాయిస్తే నేనే వాళ్లకు ఫోను చేస్తాను. “ముందు రవ్వ చూశారా దాదా?” అని మనవడు నన్నే ప్రశ్నిస్తాడు.