తవ్వకండి... విప్పండి!

నిధి అనగానే గునపం గుర్తొస్తుంది. గునపంతో పనిలేని నిధివేట కూడా ఒకటుంది. ఓ చీటీ, నాలుగు బుర్రలు, కాస్త తీరికైన ఆదివారం ఉంటే చాలు. మైలవరం లాంటి ఊళ్లో ఆ ఆట పెడితే ఆధారాలు ఎలా అల్లాలి? వాటిని ఎలా విప్పాలి?

'ముందు సగం ముట్టుకోకూడనిది. వెనక సగం దేవుడిస్తేనే దొరికేది. రెండూ కలిస్తే ఓ ఊరు. ఏమిటది?'

పటం తీయక్కర్లేదు. మైల... వరం. మైలవరం!

ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో తేల్చడం చరిత్రకారుల పని. ఆధారం అల్లేవాడికి అదంతా అనవసరం. పేరును ఎక్కడ విరిస్తే ఏం పలుకుతుందన్నదే అతడి లెక్క. అదే విరుపుతో పక్క ఊళ్లనూ పట్టేయొచ్చు. 'ఎత్తయిన చోట వేరుశనగలు' అంటే? తెలంగాణవాళ్లు వేరుశనగను ఏమంటారో గుర్తు తెచ్చుకోండి... కొండ, పల్లి. కొండపల్లి! 'గుట్ట మీద ఊరు, గుమ్మంలో ఇంగ్లిషు అక్షరం కాపలా' అంటే? జి.కొండూరు. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం బస్సెక్కినవాళ్లకు రెండూ దారిలో తగిలే ఊళ్లే.

నిధివేట ఆటకు ప్రాణం ఇలాంటి ఆధారాలే. నలుగురైదుగురు ఒక జట్టు. మొదటి చీటీలో ఓ చిక్కుప్రశ్న ఉంటుంది. దాన్ని విప్పితే ఒక చోటు తెలుస్తుంది. అక్కడికెళ్తే రెండో చీటీ. అలా ఆరో ఏడో దాటాక చివర్లో ఒక పెట్టె. కాలేజీ పండుగల్లో, అపార్టుమెంట్ల సంక్రాంతి సంబరాల్లో 'ట్రెజర్ హంట్' పేరుతో ఆడేది ఇదే. పేరు ఇంగ్లిషుదైనా విద్య మనకు కొత్తేం కాదు. అలంకార శాస్త్రం రాసిన దండి 'కావ్యాదర్శం'లో ప్రహేళికలను పదహారు రకాలుగా విడదీసి చూపించాడు. పల్లెల్లో అరుగుల మీద పొడుపు కథలు పొడిచిందీ, విప్పిందీ చదువురాని అవ్వలే. పత్రికల రోజులు వచ్చాక శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అన్నాడు, ఆరుద్ర 'గళ్ల నుడికట్టు' అన్నాడు. అడ్డం, నిలువు గళ్ల ముందు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చున్న పాఠకులకు లెక్కేలేదు.

గళ్లలో కూర్చోబెట్టిన ఆధారాలను లేపి వీధిలోకి తెస్తే, అదే నిధివేట!

శిఖరమా... నీడా?

తాతలు చెప్పే కథల్లో ఒకటుంది. ఓ షావుకారు కన్నుమూశాడు. కొడుకులు లెక్కల పుస్తకం తిరగేస్తే ఒక వాక్యం కనిపించింది. ఫలానా రోజు మిట్టమధ్యాహ్నం గుడి శిఖరంలో సొమ్ము దాచాను అని. కొడుకులు నిచ్చెన వేశారు, సుత్తి తీశారు. తండ్రి స్నేహితుడైన ముసలాయన వచ్చి ఆపాడు. 'మీ నాన్న వెర్రివాడు కాదు, దేవుడి నెత్తిన డబ్బు దాచడానికి. ఆ రోజు రానివ్వండి' అన్నాడు. ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం శిఖరం నీడ సరిగ్గా వాళ్ల పెరట్లో పడింది. సొమ్ము అక్కడ దొరికింది.

ఆధారాన్ని పైపైన చదివితే గుడి కూలేది. లోపలికి చదివారు కాబట్టి గుడీ నిలిచింది, సొమ్మూ దొరికింది.

కథలో ముసలాయన ఉన్నాడు. బయట చాలాచోట్ల లేడు. రాతి మీద పాము బొమ్మ కనిపిస్తే కింద లంకెబిందెలున్నాయని, గోడ మీద ఏనుగు చెక్కి ఉంటే అది చూస్తున్న వైపు ఏడు కొప్పెరల బంగారం ఉందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నమ్మకంతో రాత్రికి రాత్రి గర్భగుళ్లు తవ్వేసిన వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కాదు. 2017 చివర్లో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అయితే ఏకంగా అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఇటుకలు, ఎముకలు బయటపడ్డాయి. నిధి మాత్రం రాలేదు.

శిల్పి భక్తితోనో ముచ్చటపడో చెక్కిన బొమ్మను 'ఆధారం' అనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఆధారం అనేది ఒకరు కావాలని రాసి, ఇంకొకరు విప్పాలని కోరుకునేది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెతికితే మిగిలేది గొయ్యే.

కుందేలు నేర్పిన పాఠం

ఈ పిచ్చి మనకొక్కరికే ఉందనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు 1979లో 'మాస్కరేడ్' అనే బొమ్మల పుస్తకం వేశాడు. బంగారంతో ఓ కుందేలు నగ చేసి, ఎక్కడో పాతిపెట్టి, ఆ చోటు తెలిపే ఆధారాలను పుస్తకంలోని పదిహేను బొమ్మల్లో దాచాడు. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. జనం పలుగులు పట్టుకుని ఊళ్ల మీద పడ్డారు. ఎవరి తోటలు వాళ్లు కాపాడుకోవాల్సి వచ్చింది.

అసలు జవాబు ఏమిటో తెలుసా? ఆంప్ట్‌హిల్ పార్కులో కేథరిన్ రాణి పేరిట ఒక శిలువ స్తంభం ఉంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, మిట్టమధ్యాహ్నం ఆ స్తంభం మొన నీడ ఎక్కడ పడుతుందో అక్కడ! మన షావుకారు కథ, ఆయన బంగారు కుందేలు చివరికి చేరింది ఒకే చోటికి... నీడలోకి.

బొమ్మల్లోని కళ్ల నుంచి పొడవాటి వేళ్ల మీదుగా గీతలు గీస్తే అంచుల్లోని అక్షరాలు దొరుకుతాయి. అలా కూడబలుక్కుని చిక్కంతా విప్పినవాళ్లు ఇద్దరు భౌతికశాస్త్రం మాస్టార్లు. అయితే 1982లో బహుమతి వేరొకరికి వెళ్లింది. అతను చిక్కు విప్పి కాకుండా లోపలి సమాచారంతో ఆ చోటికి చేరాడని 1988లో పత్రికలు బయటపెట్టాయి. బంగారం పెడితే వచ్చే తంటా ఇదే.

ఇంతకన్నా చేదు కథ అమెరికాది. ఫారెస్ట్ ఫెన్ అనే పురావస్తువుల వ్యాపారి రాకీ పర్వతాల్లో బంగారు నాణేల పెట్టె దాచి, 2010లో ఓ పద్యంలో ఆధారాలిచ్చాడు. 2020లో వయోమింగ్‌లో ఎవరికో దొరికింది. ఈలోగా నదుల్లో, లోయల్లో వెతుకుతూ కనీసం ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వీటికి పూర్తిగా వేరైన వేట ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో 1981 నుంచి జనవరిలో జరిగే 'మిస్టరీ హంట్'. రోజుల తరబడి రాత్రనకా పగలనకా జట్లు ఆధారాలతో కుస్తీ పడతాయి. చివరికి దొరికేది ఒక నాణెం. గెలిచిన జట్టుకు అసలు బహుమతి వేరే ఉంది. మరుసటి ఏడాది ఆటకు ఆధారాలన్నీ వాళ్లే రాయాలి! దాన్ని శిక్ష అంటారా, గౌరవం అంటారా అన్నది వాళ్లనే అడగాలి. ఆట మాత్రం నలభై ఏళ్లు దాటినా ఆగలేదు.

చీటీలో ఊరు

మరి మైలవరంలో ఆట పెడితే చీటీల్లో ఏం రాయాలి? ఒక్క నిబంధన పెట్టుకుంటే చాలు. జవాబు పుస్తకంలో కాదు, ఊళ్లో ఉండాలి. మచ్చుకు మూడు చీటీలు విప్పి చూద్దాం.

మొదటి చీటీ: 'తాడెక్కినవాడు కల్లు తీయడు. ఎన్నేళ్లయినా కిందికి దిగడు. వాడి చెట్టుకు నీళ్లు పోస్తే పాడైపోతుంది.'

జట్టులో ఒకరు తాటిచెట్టు కోసం పరుగెడతారు. ఇంకొకరు ఆగి ఆలోచిస్తారు. నీళ్లు పోస్తే పాడయ్యే చెట్టేమిటి? కొయ్యచెట్టు! ఇంట్లో అద్దాల బీరువాలో ఉండే కొండపల్లి గీత కార్మికుడి బొమ్మ. అది తెల్లపొణికి కర్రతో చేసిందని, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారని తెలియాలంటే మళ్లీ ఎవరినైనా అడగాల్సిందే. రెండో చీటీ కావాలంటే ఆ బొమ్మ అమ్మే కొట్టుకే వెళ్లాలి మరి.

రెండో చీటీ: 'రాత్రి పుట్టిన రాజులు తెల్లారేసరికి రంగు కడుక్కునేవారు. వాళ్లను పోషించిన రాజు ఇల్లెక్కడ?'

రాత్రి పుట్టి తెల్లారితే మాయమయ్యే రాజులు నాటకాల్లోనే ఉంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మైలవరం జమీందారు అండతో నడిచిన బాలభారతీ నాటక సమాజం ఆంధ్రదేశమంతా పేరు మోగించింది. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు, బాణీలు కట్టిన పాపట్ల కాంతయ్య ఆ సమాజంలోని వాళ్లే. 'మైలవరం కంపెనీ' అంటే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారట. ఈ చీటీకి జవాబు జమీందారు కోట. దాన్ని పదోతరగతి పిల్లాడు ఒక్కడే విప్పలేడు. తాతయ్య కావాలి. అదే ఈ చీటీలోని కిటుకు. తాతలు లేని జట్టు ఓడిపోవాలి!

మూడో చీటీ: 'మన కొండల్లో పుట్టిన పిల్ల. వేసవిలో వెతికినా కనపడదు. వానల్లో వద్దన్నా వస్తుంది. చివరికి కొల్లేటి ఒడిలో పడుకుంటుంది.'

జవాబు బుడమేరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు ఆ వాగు పొంగింది. వెలగలేరు దిగువన గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్‌తో పాటు విజయవాడలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. టీవీల్లో అందరూ చూసింది బెజవాడ వీధులనే. ఆ నీటికి పుట్టిల్లు మైలవరం చుట్టుపక్కల కొండలని ఎంతమంది పిల్లలకు తెలుసు? ఈ చీటీ పట్టుకుని వాగు మీది వంతెన దాకా నడిచిన పిల్లవాడికి ఇక మర్చిపోవడం సాధ్యం కాదు. ఎండాకాలంలో అడుగున రాళ్లు తేలిన ఆ సన్నటి పాయ, వానాకాలంలో ఏం చేయగలదో వాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అల్లేవాళ్లకు నాలుగు మాటలు

ఆధారం విప్పడం కంటే అల్లడం కష్టం. అల్లినవాడికి జవాబు ముందే తెలుసు కాబట్టి అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ఉదాహరణకు 'రోజంతా జనం ఎక్కుతారు, దిగుతారు, తను మాత్రం కదలదు' అని రాశారనుకోండి. ఒక జట్టు గుడి మెట్ల దగ్గరికెళ్తుంది. ఇంకో జట్టు బస్టాండుకెళ్తుంది. మూడో జట్టు నీళ్ల ట్యాంకు నిచ్చెన కింద నిలబడుతుంది. ముగ్గురూ చెప్పింది రైటే. కాబట్టి తప్పు రాసినవాడిది. 'ఎక్కేటప్పుడు చెప్పులుండవు' అని ఒక్క మాట చేర్చండి. బస్టాండూ పోయింది, నిచ్చెనా పోయింది. గుడి మెట్లే మిగిలాయి. మంచి ఆధారానికి గుర్తు అదే. విప్పకముందు పది జవాబులు తోచాలి. విప్పాక ఒక్కటే నిలవాలి. 'అయ్యో, ఇదెందుకు తట్టలేదు!' అని నెత్తి కొట్టుకోవాలి.

రాసిన చీటీని ఆటలో లేనివాళ్లకు ముందుగా ఇచ్చి చూడాలి. అరగంట గడిచినా విప్పలేని జట్టుకు చిన్న సాయం చేసేలా ఎవరినైనా ఉంచాలి. ఊరి మధ్యలోంచి జాతీయ రహదారి వెళ్తోంది కాబట్టి పిల్లలు రోడ్డు దాటే పని పెట్టకూడదు. చెరువు గట్లు, పాడుబడ్డ బావులు, కోట బురుజులు ఎక్కించకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, ఏదీ పాతిపెట్టకూడదు. చీటీ కంటికి ఎదురుగా ఉండాలి, బుద్ధికి మాత్రం దాక్కుని ఉండాలి.

నిజంగానే దొరికితే?

ఇల్లు కట్టుకుంటూ పునాది తీస్తే నాణేల కుండ బయటపడిందనుకోండి. 'దొరికినవాడిదే సొమ్ము' అన్నది సామెతల్లో చెల్లుతుందేమో కానీ చట్టంలో చెల్లదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొమ్ము విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. దానికి హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికినవాళ్లకు, స్థలం యజమానికి వాటాలుంటాయి. కావాలనుకుంటే ప్రభుత్వం వెల కట్టి తీసుకోవచ్చు. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా పలుగు వేయడం మాత్రం పూర్తిగా నేరం.

పెట్టెలో ఏముండాలి?

చివరి ప్రశ్న అదే. బంగారం పెడితే ఆట పోయి ఆశ మిగులుతుందని కుందేలు కథ చెప్పింది. ఎంఐటీ కుర్రాళ్లు చూపిన దారి చవకైనది, మన్నికైనది.

పెట్టెలో తాడెక్కిన గీత కార్మికుడి బొమ్మ ఒకటి పెట్టండి. దాని కింద మడతపెట్టిన తెల్ల కాగితాలు ఏడు, ఒక పెన్ను. మూతకు లోపలివైపు ఒకే ఒక్క వాక్యం...

'వచ్చే ఏడాది చీటీలు మీరు రాయాలి.'

ఆ కాగితాలు నింపాలంటే వాళ్లు ఏడాదంతా ఊరిని చూస్తూ తిరగాల్సిందే!