సముద్రం లేని చోట నౌకాదళం

వికారాబాదు దాటి అనంతగిరి కొండ యెక్కేవారు సాధారణంగా మూడు పనుల మీద వస్తారు. అనంతపద్మనాభస్వామి దర్శనానికి కొందరు, మూసీ పుట్టిన చోటు చూసిపోదామని కొందరు, హైదరాబాదు ఉక్కకు తాళలేక చల్లగాలి కోసం మరికొందరు. ఇప్పుడు నాలుగో పని మీద వచ్చినవారు మన నౌకాదళం వారు! సముద్రం వందల కిలోమీటర్ల దూరాన వుండగా యీ గుట్టల్లో నావికులకేమి పని అని నవ్వుకోకండి. పని వున్నది. దానికి ప్రభుత్వం వేసిన అంచనా అక్షరాలా 3,200 కోట్ల రూపాయలు.

పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న, అంటే అబ్దుల్ కలాం పుట్టినరోజున, రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ అక్కడ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఇటువంటిది దేశంలో అంతకుముందు ఒక్కటే వున్నది. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర ‘కట్టబొమ్మన్’ పేరుతో అది 1990 నుంచి పనిచేస్తున్నది.

“జలాంతర్గామిలో వున్నవాళ్ళకు సెల్‌ఫోను చేస్తే సరిపోదా?” అని మా యింట్లో పిల్లలు అడిగారు. సరిపోదు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో జానెడు లోతు దిగేలోపే చచ్చిపోతాయి. ఒక్కొక్క అల పది కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్ల పొడవుండే నిదానపు తరంగాలు మాత్రం కొన్ని పదుల అడుగుల లోతు వరకు వెళ్ళగలవు. అంత పొడవు అలను పుట్టించాలంటే ఆకాశాన్నంటే స్తంభాలూ, వాటి మధ్య తీగల వలా, విశాలమైన నేలా కావాలి. ఇంతా చేస్తే ఆ దారిన పోయేవి నాలుగు ముక్కలే. పైగా జలాంతర్గామి వినగలదు గాని, తిరిగి బదులు చెప్పలేదు. పైకి తేలి మాట్లాడిందా, శత్రువు కంటపడినట్లే. 2016లో ‘అరిహంత్’, 2024లో ‘అరిఘాత్’ వంటి అణు జలాంతర్గాములు నౌకాదళంలో చేరిన తరువాత, ఆ నాలుగు ముక్కలకు యెంత విలువో వేరే చెప్పనక్కరలేదు.

అయితే దామగుండంలో కట్టే కేంద్రం తెలిసిన విద్య. ఇంత ఖర్చు పెడితే ఇంత ఫలితమని ముందే లెక్క వేయవచ్చు. ఇప్పటి యుద్ధపద్ధతినే తలకిందులు చేసే కొత్త విద్య కోసం పరిశోధన చేయించడం అలాంటిది కాదు. అది వానను నమ్ముకుని మెట్టపొలంలో విత్తనం చల్లడం వంటిది. పండితే పుట్లు, లేకపోతే విత్తనం కూడా దక్కదు. మరి ఆ విత్తనం యెవరిది? మన పన్నులది.

రక్షణ పరిశోధన సంస్థ మనకు 1958లో ఏర్పడింది. చిత్రమేమంటే, రష్యావారి స్పుత్నిక్ చూసి అదిరిపడిన అమెరికా, సాహసపు పరిశోధనల కోసమే ఒక సంస్థను పెట్టుకున్నదీ ఆ యేడే. ఇంటర్నెట్టుకు మూలమైన కంప్యూటర్ల వల 1969లో ఆ సొమ్ముతోనే మొదలయింది. సైనికుల కోసం పెట్టిన ఖర్చు నేడు మన పిల్లల చదువులకూ, పెళ్ళిసంబంధాలకూ కూడా పనికివస్తున్నది గదా!

మన హైదరాబాదు కథ కూడా వినదగ్గది. ఇక్కడి క్షిపణి ప్రయోగశాలలో 1970 దశకంలో ‘డెవిల్’ అనే క్షిపణి కోసం యేళ్ళ తరబడి శ్రమించి, చివరకు ఆపివేశారు. సొమ్మంతా నీళ్ళపాలయిందని అప్పుడు అనిపించి వుండవచ్చు. కాని ఆ పనిలో చేతికి వచ్చిన నేర్పే తరువాత ‘పృథ్వి’కి పునాది అయింది. 1983లో 388 కోట్లతో, కలాం నాయకత్వాన మొదలైన క్షిపణుల పథకంలో పృథ్వి, అగ్ని, ఆకాశ్ నిలిచాయి. ‘త్రిశూల్’ నిలవలేదు. అగ్ని కోసం చేసిన తేలికపాటి పదార్థంతోనే నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకు కాలి పట్టీలు తయారుచేశారు. మూడు కిలోల ఇనుప బరువు యీడ్చుకునే పసివాళ్ళకు మూడువందల గ్రాముల పట్టీలు దొరికాయి. ఆ తల్లిదండ్రుల ఆనందాన్ని యే పద్దు కింద రాస్తారు?

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలో హైదరాబాదు శాస్త్రజ్ఞుల 30 కిలోవాట్ల లేజర్ కిరణం ఆకాశంలో పోయే మనుషులు లేని విమానాన్ని కూల్చింది. గుండు లేదు, మందు లేదు, వెలుతురే ఆయుధం!

ఇప్పుడు డబ్బు ప్రభుత్వ ప్రయోగశాలలు దాటి బయటికి కూడా వస్తున్నది. 2018లో మొదలైన ‘ఐడెక్స్’ పథకం కింద చిన్న కంపెనీలకు కోటిన్నర వరకు ఇవ్వసాగారు; 2024లో వచ్చిన ‘అదితి’ కింద పాతిక కోట్ల వరకు ఇస్తామన్నారు. అన్ని రంగాల పరిశోధనకూ కలిపి లక్ష కోట్ల నిధికి 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

సంతోషమే. కాని విత్తనం ఇచ్చే రైతుకు పొలం గట్టు మీద నిలబడి చూసే హక్కు వుండాలి. పరిశోధన ఓడిపోతే తప్పులేదు. ఓడినది యెందుకు ఓడిందో దాచిపెట్టి, అదే పేరుతో మళ్ళీ డబ్బడిగితే తప్పు. రక్షణ రహస్యం శత్రువుకు తెలియకూడదు, నిజమే. అలాగని శాసనసభ్యులకూ ఆడిటర్లకూ కూడా తెలియకూడదంటే, ఆ చీకట్లో పెరిగేది విద్య కాదు, దుబారా.

దామగుండం దగ్గర ఖర్చు రూపాయల్లోనే లేదు. ఎన్ని చెట్లు పోతాయన్న లెక్కలో ప్రభుత్వానికీ, అడవి కోసం ఆందోళన చేసినవారికీ పొత్తు కుదరలేదు. మూసీకి నీరు పట్టే అడవి యిది అని వారి బాధ. రామలింగేశ్వరస్వామి గుడికి భక్తుల దారి మూయరాదని శంకుస్థాపన నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కోరవలసి వచ్చింది. దేశరక్షణ అందరిదీ, అడవి పోగొట్టుకునేది మాత్రం ఆ చుట్టుపక్కల పల్లెలు. అందరి కోసం కొందరు నష్టపడేటప్పుడు, ఆ కొందరికి ముందుగా చెప్పడం, చెప్పింది చేయడం, పెంచుతామన్న మొక్కలు బతికాయో లేదో లెక్క చూపడం ప్రభుత్వం పని.

సముద్రం అడుగున వున్న నావికుడికి మాట అందించడానికి ఇన్ని కోట్లు పెట్టగలవాళ్ళం. ఆ స్తంభాల నీడలో కాపురముండే పల్లెవాసికి మాట చేరవేయడానికి పైసా ఖర్చు లేదు, మనసుంటే చాలు.